బ్రోకర్‌నే కొనేస్తే... చిన్న వాటాదారు మాటకు విలువెంత?

భారత స్టాక్ మార్కెట్ మాకు ఉదయం పావుతక్కువ ఏడుకే తెరుచుకుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు మూతపడుతుంది. గుదైబియాలోనో, రిఫాలోనో ఉండే మన తెలుగువాళ్లలో చాలామంది డ్యూటీకి బయల్దేరే ముందే ఫోన్లో ఓసారి ధరలు చూసుకుంటారు. ఏ కంపెనీ షేరు పెరిగింది, ఏది పడింది, ఎల్లుండి ఏ ఐపీవో వస్తోంది... ఇవన్నీ నోటి లెక్కలే. ఆ షేరు ఏ బ్రోకర్ ద్వారా కొంటున్నామో ఆ బ్రోకర్‌కూ ఒక యజమాని ఉంటాడని, ఆ యజమాని మారిపోవచ్చని మాత్రం వార్త వచ్చేదాకా ఎవరికీ తట్టదు.

వార్త వచ్చాక నాకు ఫోన్లు మొదలవుతాయి. నేను ఇక్కడ ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. షేర్ల సలహాలు ఇవ్వడం నా పని కాదు. కానీ లెక్కలు చూసేవాడికి అన్ని లెక్కలూ తెలుస్తాయని మనవాళ్ల నమ్మకం. ‘మన బ్రోకర్‌ని ఎవరో కొనేస్తున్నారట అన్నా, మన షేర్లు ఏమైపోతాయి?’ అన్నది మొదటి ప్రశ్న. రెండోది కొంచెం అరుదు, కానీ అసలు ప్రశ్న అదే. ‘ఆ బ్రోకర్ కంపెనీ షేర్లు కూడా నా దగ్గర ఓ యాభై ఉన్నాయి. నన్ను అడగకుండా ఎలా తీసేసుకుంటారు?’

మొదటి ప్రశ్నకు జవాబు సులువు. భారత్‌లో మన షేర్లు ఎన్‌ఎస్‌డీఎల్‌లోనో, సీడీఎస్‌ఎల్‌లోనో మన పేరు మీదే ఉంటాయి. బ్రోకర్ యజమాని మారినంత మాత్రాన అవి ఎవరివీ అయిపోవు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే లండన్ వెళ్లాలి, ముంబై వెళ్లాలి, చివరికి మన హైదరాబాద్ కూడా రావాలి.

బ్రిస్టల్‌లో మొదలైన కథ

ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు ఒక బ్రోకర్ కంపెనీని మార్కెట్ నుంచి మొత్తంగా ఎత్తుకుపోయిన ఉదంతాల్లో ఈమధ్య అందరూ చెప్పుకున్నది హార్‌గ్రీవ్స్ లాన్స్‌డౌన్. పీటర్ హార్‌గ్రీవ్స్, స్టీఫెన్ లాన్స్‌డౌన్ అనే ఇద్దరు 1981లో బ్రిస్టల్ నగరంలో, ఇంట్లో ఖాళీగా ఉన్న పడకగదిలో దీన్ని మొదలుపెట్టారు. 2007లో లండన్ మార్కెట్‌లో లిస్ట్ చేసినప్పుడు షేరు ధర 160 పెన్స్. 2019 నాటికి అది 24 పౌండ్ల దరిదాపులకు వెళ్లింది. బ్రిటన్‌లో సొంతంగా పొదుపు చేసుకునే మధ్యతరగతికి ఈ పేరు మనకు ఎల్‌ఐసీ ఎంత పరిచయమో అంత పరిచయం. కొనేనాటికి దీనికి 18 లక్షల మందికి పైగా ఖాతాదారులున్నారు.

2019 జూన్‌లో దెబ్బ తగిలింది. నీల్ వుడ్‌ఫోర్డ్ అనే పేరున్న ఫండ్ మేనేజర్ నడిపే ఈక్విటీ ఇన్‌కమ్ ఫండ్ డబ్బు వెనక్కి ఇవ్వలేక తలుపులు మూసింది. ఆ ఫండ్‌ను తన ఖాతాదారులకు గట్టిగా సిఫారసు చేస్తూ వచ్చింది హార్‌గ్రీవ్స్ లాన్స్‌డౌనే. నమ్మకం సడలింది. చౌక ఫీజులతో పోటీదారులు పెరిగారు. 2024 ఏప్రిల్ 11న షేరు ధర 740 పెన్స్.

సరిగ్గా అప్పుడు మూడు సంస్థలు కలిసి వచ్చాయి. సీవీసీ, నార్డిక్ క్యాపిటల్ అనే రెండు యూరప్ ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు, వాటితోపాటు అబుదాబి ఇన్వెస్ట్‌మెంట్ అథారిటీకి చెందిన పెట్టుబడి విభాగం. 985 పెన్స్ ఇస్తామంటే మే నెలలో బోర్డు తోసిపుచ్చింది. జూన్‌లో 1,140 పెన్స్ అన్నారు, బోర్డు మెత్తబడింది. ఆగస్టు 9న ఖాయం చేసుకున్నారు. అందులో 1,110 నగదు, 30 పెన్స్ డివిడెండ్. మొత్తం 540 కోట్ల పౌండ్లు, అప్పటి మారకం ప్రకారం 57 వేల కోట్ల రూపాయల పైమాటే.

ఏప్రిల్ ధరతో పోలిస్తే 54 శాతం ఎక్కువ. వినడానికి ఎంతో బాగుంది కదా! కానీ 54 శాతం అన్న అంకె ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారన్న దాన్నిబట్టి మారిపోతుంది. 2007లో 160 పెన్స్‌కు కొని అట్టేపెట్టుకున్నవాడికి అది పండగ. 2019లో 20 పౌండ్లు దాటాక కొని, అయిదేళ్లు ఓపిక పట్టి, ఎప్పటికైనా మళ్లీ లేస్తుందని కూర్చున్నవాడికి అది ఆ ఆశ తీసేసుకుంటున్న చెక్కు. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ తేడా ఏమిటంటే, అతను అమ్మబోలేదు. అమ్మించారు.

బ్రిటన్ చట్టం ప్రకారం ఇలాంటి ఒప్పందానికి ఓటు వేసినవాళ్లలో విలువ లెక్కన 75 శాతం, తలల లెక్కన సగానికి మించి ఒప్పుకోవాలి. తర్వాత కోర్టు ముద్ర వేస్తుంది. అప్పుడది ఓటు వేయనివాడికీ, వద్దని వేసినవాడికీ కూడా వర్తిస్తుంది. నా షేర్లు నేను ఇవ్వను అని భీష్మించుకుని కూర్చునే అవకాశం లేదు. తలల లెక్క ఉంది కాబట్టి చిన్నవాళ్లకు బలం ఉన్నట్టే అనిపిస్తుంది. అయితే ఒక చిక్కుంది. బ్రిటన్‌లో ఆన్‌లైన్ బ్రోకర్ల దగ్గర కొన్న షేర్లు సాధారణంగా బ్రోకర్ పెట్టిన నామినీ కంపెనీ పేరు మీద ఉంటాయి. వేలమంది వెనక ఉన్నా వాటాదారుల రిజిస్టర్లో కనిపించేది ఆ ఒక్క పేరే. మీరు సూచన ఇస్తే నామినీ మీ తరఫున ఓటు వేస్తుంది, షేర్ల విలువ లెక్కకు వస్తుంది. తల మాత్రం మీది కాదు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఈ సంగతి ఎంతమందికి తెలుసో అని నాకు అనుమానమే.

వ్యవస్థాపకులు ఏం చేశారన్నది ఇంకో ఆసక్తికరమైన విషయం. హార్‌గ్రీవ్స్ చేతిలో దాదాపు 20 శాతం వాటా ఉంది. ఆయన అందులో సగానికి నగదు తీసుకుని, మిగతా సగాన్ని కొత్త యజమానుల పక్కనే, ఇకపై మార్కెట్‌లో కనిపించని కంపెనీలో ఉంచారు. లాన్స్‌డౌన్ నగదుకే మొగ్గారు. పేరుకు ఈ ‘వాటాగా కొనసాగే’ తలుపు మిగతా వాటాదారులకూ తెరిచే ఉంది. కానీ ఎప్పుడు అమ్ముకోగలమో, ఎంతకు అమ్ముకోగలమో తెలియని అన్‌లిస్టెడ్ కాగితాన్ని పెన్షన్ పొదుపులో పెట్టుకునే రిటైర్డ్ టీచర్ ఎవరుంటారు? ఆ తలుపు గుండా నడవడానికి లోతైన జేబులు కావాలి. కంపెనీని పుట్టించినవాడే సగం వాటాతో లోపల ఉండిపోతున్నాడంటే ఈ ధరకు మించి ఏదో ఉందనేగా అర్థం, మరి మనల్ని ఎందుకు బయటికి పంపుతున్నారు అని చిన్న వాటాదారు అనుకుంటే తప్పు పట్టలేం. అక్టోబర్ 14న వాటాదారుల సమావేశంలో ఒప్పందం నెగ్గింది. 2025 మార్చిలో షేరు లండన్ మార్కెట్ నుంచి మాయమైంది.

కొనేది మన పక్కింటి డబ్బే

ఈ కథలో అబుదాబి పేరు చూసి మావాళ్లు కొందరు ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం ఎందుకు? గల్ఫ్ చమురు డబ్బు ప్రపంచం మొత్తం మీద కంపెనీలు కొంటూనే ఉంది. ఆ మాటకొస్తే ఈ విద్యలో బహ్రెయిన్ చాలా పాత విద్యార్థి. మనామా డిప్లొమాటిక్ ఏరియా మీదుగా రోజూ కారులో వెళ్లేవాళ్లకు ఇన్వెస్ట్‌కార్ప్ భవనం తెలిసే ఉంటుంది. ఇరాక్‌లో పుట్టిన నెమీర్ కిర్దార్ 1982లో స్థాపించిన సంస్థ అది. 1984లో న్యూయార్క్ నగల కంపెనీ టిఫనీని కొని, మూడేళ్లకు మార్కెట్‌లో లిస్ట్ చేసింది. ఇటలీ గుచ్చీని కూడా అలాగే కొని, చక్కదిద్ది, 1995లో మార్కెట్‌కు తెచ్చింది. కొనడం, లోపల మరమ్మతు చేయడం, మార్కెట్‌కు అమ్మడం. ప్రైవేట్ ఈక్విటీ అంటే ఇంతకుమించి బ్రహ్మవిద్య ఏమీ లేదు. అప్పు ఎంత చేస్తారు, మరమ్మతు నిజంగా చేస్తారా లేక రంగు వేసి అమ్మేస్తారా అన్నదే తేడా.

అలాంటి ఇన్వెస్ట్‌కార్ప్ 2021లో తానే బహ్రెయిన్ బోర్స్ నుంచి తప్పుకుని ప్రైవేట్ అయిపోయింది. ఇతరుల కంపెనీలను మార్కెట్‌కు తెచ్చి పేరు తెచ్చుకున్న సంస్థ, తన షేరుకు మార్కెట్ అక్కర్లేదనుకుంది. ఇక్కడి బోర్స్ చాలా చిన్నది. భారత మార్కెట్‌లో నిమిషానికి జరిగే లావాదేవీలు చూసినవాళ్లకు ఇక్కడి బోర్డు మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టుంటుంది. పెద్దగా చేతులు మారని షేరుకు లిస్టింగ్ భారం ఎందుకన్న వాదనలో పస లేకపోలేదు. ఈ సంస్థకు భారత్‌తోనూ సంబంధం ఉంది. ఐడీఎఫ్‌సీ ఆల్టర్నేటివ్స్ ప్రైవేట్ ఈక్విటీ, రియల్ ఎస్టేట్ వ్యాపారాలను 2019లో కొని అక్కడ అడుగుపెట్టింది.

వందకు అరవై ఏడు

ఇక మనకు దగ్గరి కథ. ఇందులో కొన్నది ప్రైవేట్ ఈక్విటీ కాదు, తల్లి బ్యాంకే. కానీ చిన్న వాటాదారులు ఎలా స్పందించారు, వాళ్ల స్పందన ఏమైంది అన్నది తెలుసుకోవాలంటే భారత్‌లో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. పైగా గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో ఎందరికో ఈ బ్రోకర్ దగ్గరే ఖాతా ఉంటుంది. బ్యాంకు ఖాతా, డీమ్యాట్, ట్రేడింగ్ మూడూ ఒకేచోట దొరుకుతాయని తీసుకున్నదే.

ఐసీఐసీఐ సెక్యూరిటీస్ 2018లో ఒక్కో షేరు 520 రూపాయలకు ఐపీవోకు వచ్చింది. లిస్టింగ్ రోజే చప్పబడింది. ఐపీవోలో వచ్చినవాళ్లు చాలాకాలం నష్టంలోనే ఉన్నారు. తర్వాత కోవిడ్ వచ్చి, ఇంట్లో కూర్చున్న దేశమంతా డీమ్యాట్ ఖాతాలు తెరిచింది. బ్రోకర్లకు మంచిరోజులు వచ్చాయి. ఆ మంచిరోజుల్లో, 2023 జూన్ 29న, దాదాపు మూడొంతుల వాటా ఉన్న ఐసీఐసీఐ బ్యాంకు ఈ కంపెనీని మార్కెట్ నుంచి తీసేసి పూర్తిగా తన సొంత అనుబంధ సంస్థగా చేసుకుంటానంది. నగదు లేదు. 100 ఐసీఐసీఐ సెక్యూరిటీస్ షేర్లకు 67 బ్యాంకు షేర్లు.

బ్యాంకు షేరు మంచి షేరే. ఎవరూ కాదనరు. గొడవ ‘67’ అన్న అంకె మీద. మార్కెట్‌లో మిగతా బ్రోకర్ కంపెనీలకు దక్కుతున్న విలువతో పోలిస్తే ఇది తక్కువని క్వాంటమ్ మ్యూచువల్ ఫండ్ బహిరంగంగానే వ్యతిరేకించింది. ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను. నిష్పత్తి సరైనదా కాదా అన్నదానిపై నిపుణులే రెండుగా చీలారు, అది తేల్చడం నా వల్ల కాదు. కానీ పద్ధతిలో ఒక తేడా ఉంది, అది చిన్నది కాదు. మామూలుగా భారత్‌లో ఒక కంపెనీని డీలిస్ట్ చేయాలంటే రివర్స్ బుక్ బిల్డింగ్ అనే దారి ఉంది. ఈ ధరకైతే ఇస్తానని వాటాదారులే చెబుతారు. ప్రమోటర్ వాటా 90 శాతానికి చేరే ధర ఎక్కడ తేలితే అదే ధర. అంటే బేరం ఆడే కర్ర కొంతవరకు చిన్నవాళ్ల చేతిలో ఉంటుంది. ఇక్కడ పట్టింది ఆ దారి కాదు. లిస్టైన తల్లి కంపెనీ, ఒకే తరహా వ్యాపారంలో ఉన్న లిస్టైన పిల్ల కంపెనీని షేర్ల మార్పిడితో కలుపుకునే ప్రత్యేక దారి. ఒకే తరహా వ్యాపారం అన్న షరతు నుంచి సెబీ మినహాయింపు కూడా ఇచ్చింది. ధర ముందే ఖరారు. మనం చేయగలిగింది అవును అనడం, కాదు అనడం.

2024 మార్చి చివర్లో ఓటింగ్ జరిగింది. ఈ లెక్క కొంచెం నిదానంగా చూడండి. మొత్తం ఓట్లలో దాదాపు 94 శాతం అనుకూలం. అందులో బ్యాంకు సొంత ఓట్లు ఉన్నాయి కాబట్టి అది లెక్కలోకి రాదు. ప్రమోటర్ కాని వాటాదారుల్లో వ్యతిరేకంగా పడిన ఓట్లకు కనీసం రెట్టింపు అనుకూలంగా పడాలి. అంటే మూడింట రెండొంతులు. పడింది 72 శాతానికి కాస్త తక్కువ. నెగ్గింది. ఇప్పుడు ఆ 72 శాతాన్ని విప్పి చూస్తే లోపల రెండు వేరు వేరు ప్రపంచాలు కనిపిస్తాయి. సంస్థాగత మదుపరుల ఓట్లలో 80 శాతానికి పైగా అనుకూలం. మిగతా చిన్న వాటాదారుల ఓట్లలో మూడింట రెండొంతులకు పైగా వ్యతిరేకం. అంటే పొదుపు డబ్బుతో షేర్లు కొన్నవాళ్లు విడిగా ఓటు వేసి ఉంటే ప్రతిపాదన చిత్తుగా ఓడేది. కానీ ‘పబ్లిక్’ అన్న ఒక్క గాటనే అందరినీ కట్టారు. ఆ గాటన ఏనుగులూ ఉన్నాయి, మేకలూ ఉన్నాయి. తూకం వేసింది బరువును.

చట్టం తప్పిందా? లేదు. అక్షరం అక్షరం పాటించారు. అందుకే ఈ కేసు నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది.

ఓటింగ్ రోజుల్లోనే మరో రగడ. అనుకూలంగా ఓటు వేయమని బ్యాంకు సిబ్బంది నుంచి ఫోన్లు వస్తున్నాయని వాటాదారులు ఫిర్యాదు చేశారు. ఓటింగ్‌లో పాల్గొనేలా ప్రోత్సహించడానికే వాటాదారులను సంప్రదించామని బ్యాంకు చెప్పింది. సెబీ 2024 జూన్‌లో బ్యాంకుకు అడ్మినిస్ట్రేటివ్ వార్నింగ్ ఇచ్చింది. ఆ సంగతిని బ్యాంకే ఎక్స్ఛేంజీలకు తెలియజేసింది. జరిమానా కాదు, హెచ్చరిక. ఓటింగ్ ఫలితం మారలేదు.

బ్రోకర్ వ్యాపారంలో ఉన్న విచిత్రం ఇక్కడే. సిమెంటు కంపెనీని కొంటే ఆ కంపెనీ వాటాదారులెవరో, వాళ్ల ఫోన్ నంబర్లేమిటో కొనేవాడికి తెలియాల్సిన పని లేదు. బ్రోకర్ దగ్గర అలా కాదు. వాటాదారు తరచుగా ఆ సంస్థ ఖాతాదారు కూడా. అతని బ్యాంకు, అతని డీమ్యాట్, అతని ఇంటి లోను అన్నీ ఒకే గొడుగు కింద ఉండొచ్చు. ఫోన్ చేసిన మనిషి ఎంత మర్యాదగా మాట్లాడినా, రేపు లోను పని మీద ఇదే మనిషి దగ్గరికి వెళ్లాలి కదా అన్న ఆలోచన ఇటువైపు ఉంటుంది. హార్‌గ్రీవ్స్ విషయంలోనూ ఖాతాదారుల్లో ఎందరో వాటాదారులే. తన షేరు పోతుందన్న సమాచారం, తన ఓటు వేసే బటన్ రెండూ ఆ బ్రోకర్ యాప్‌లోనే చూసుకోవాలి.

మను రిషి గుప్తా అనే ఇన్వెస్టర్, క్వాంటమ్ ఫండ్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ముంబై ఎన్‌సీఎల్‌టీ 2024 ఆగస్టులో వాళ్ల అభ్యంతరాలు తోసిపుచ్చి పథకానికి ఆమోదం తెలిపింది. అప్పీల్ కూడా 2025 మార్చిలో నిలవలేదు. అదే నెలలో షేరు మార్కెట్ నుంచి తప్పుకుంది. లండన్‌లో హార్‌గ్రీవ్స్ షేరు మాయమైన నెల కూడా అదే కావడం యాదృచ్ఛికం.

మా మిత్రబృందంలో ఈ షేర్లున్నవాళ్లు ఇద్దరు. ఒకరు కాకినాడ, ఒకరు నిజామాబాద్. కాకినాడాయన వద్దని ఓటు వేశాడు, ఎందుకని అడిగితే ‘నేను బ్రోకర్ వ్యాపారం కొన్నాను బావా, బ్యాంకు కొనాలనుకుంటే అది అప్పుడే కొనేవాణ్ణి’ అన్నాడు. నిజామాబాదాయన సరేనన్నాడు. ఆయన లెక్క వేరు. బ్రోకరేజీలకు మార్కెట్ బాగున్నన్నాళ్లే భోగం, బ్యాంకు అయితే పిల్లల చదువుదాకా నిలుస్తుందని. ఇద్దరిలో తప్పెవరిదని నన్ను అడిగారు. ఇద్దరూ కరెక్టే అంటే, ‘అకౌంటెంట్ జవాబు’ అని నవ్వారు. బ్యాంకు షేరు తర్వాత పెరిగింది కూడా. అయితే లాభం రావడం, అడిగి తీసుకోవడం ఒకటి కావని కాకినాడాయన ఇప్పటికీ వాదిస్తాడు.

25కు రెండు బేసిస్ పాయింట్లు తక్కువ

భారత్‌లో ఎవరైనా ఒక లిస్టెడ్ కంపెనీలో 25 శాతం లేదా ఆపైన వాటా కొంటే, మిగతా వాటాదారుల నుంచి కనీసం మరో 26 శాతం కొంటామని ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. చిన్నవాళ్లకు కూడా అదే ధరకు బయటపడే అవకాశం రావాలన్నది దీని ఉద్దేశం. 2022లో అమెరికా ప్రైవేట్ ఈక్విటీ సంస్థ బెయిన్ క్యాపిటల్, ఐఐఎఫ్‌ఎల్ వెల్త్‌లో (ఇప్పుడు 360 వన్) దాదాపు 3,680 కోట్ల రూపాయలతో వాటా కొంది. ఎంత వాటా అనుకున్నారు? 24.98 శాతం. అమ్మినవాళ్లూ పెద్ద సంస్థలే, జనరల్ అట్లాంటిక్, ఫెయిర్‌ఫాక్స్. పెద్దవాళ్లు పెద్దవాళ్లకు అమ్ముకున్నారు. చిన్న వాటాదారుకు ఆఫర్ అన్నమాటే రాలేదు. గీత ఎక్కడ గీస్తే అక్కడికి ఒక అంగుళం ముందు ఆగడం తెలిసినవాళ్లకు లాయర్లు కొదవా!

ఆఫర్ వచ్చినా పని జరుగుతుందన్న హామీ లేదు. రెలిగేర్ విషయం చూడండి. డాబర్ యజమానులైన బర్మన్ కుటుంబం 2023 సెప్టెంబర్‌లో షేరుకు 235 రూపాయల ఓపెన్ ఆఫర్ ప్రకటించింది. బోర్డుతో పోరు, అనుమతులు, కేసులతో అది తెరుచుకునేసరికి 2025 జనవరి అయింది. ఈలోగా ఫ్లోరిడాలో ఉండే ప్రవాస భారతీయుడు డానీ గైక్వాడ్ 275 ఇస్తానంటూ ముందుకొచ్చారు. చిత్తశుద్ధి చూపడానికి 600 కోట్లు డిపాజిట్ చేయమంటే చేయలేకపోయారు. బర్మన్ల ఆఫర్‌కు చిన్న వాటాదారుల నుంచి వచ్చిన షేర్లు నామమాత్రం. ధర నచ్చకపోతే ఇవ్వకుండా ఊరుకునే హక్కు అక్కడ ఉంది, వాళ్లు వాడుకున్నారు. హార్‌గ్రీవ్స్ వాటాదారుకు, ఐసీఐసీఐ సెక్యూరిటీస్ వాటాదారుకు లేనిది అదే.

హైదరాబాద్ నేర్పిన తిరగేసిన పాఠం

ఇంతసేపూ కొనేవాళ్లను అనుమానంగా చూశాం. మన ఊరి కథ మరోలా నడిచింది. కార్వీ అంటే ఒకప్పుడు తెలుగు మధ్యతరగతికి షేర్ మార్కెట్ అనే మాటకు పర్యాయపదం. జిల్లా కేంద్రాల్లో బోర్డు కనిపించేది. కార్వీ గ్రూపులో షేర్ల రిజిస్ట్రార్ పని చూసే కార్వీ కంప్యూటర్‌షేర్ అనే కంపెనీ ఉండేది. ఆస్ట్రేలియా కంప్యూటర్‌షేర్ దానిలో భాగస్వామి. అమెరికా ప్రైవేట్ ఈక్విటీ సంస్థ జనరల్ అట్లాంటిక్ ఈ కంపెనీలో మెజారిటీ వాటా కొంటామని 2017లో ఒప్పందం చేసుకుని, 2018లో పూర్తి చేసింది.

ఏడాది తిరిగేసరికి బ్రోకింగ్ కంపెనీ కుప్పకూలింది. ఖాతాదారుల షేర్లను వాళ్లకు తెలియకుండా తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందని 2019 నవంబర్ 22న సెబీ కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై ఆంక్షలు విధించింది. ఆ షేర్ల విలువ 2 వేల కోట్ల పైమాట. డిసెంబర్ మొదట్లో ఎన్‌ఎస్‌డీఎల్ 80 వేలకు పైగా ఖాతాదారులకు షేర్లు వెనక్కి చేర్చింది. 2021 ఆగస్టులో ఛైర్మన్ పార్థసారథిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రార్ కంపెనీ మాత్రం అప్పటికే వేరే యజమాని చేతిలో ఉంది. 2019 చివర్లో పాత పేరు తీసేసి కేఫిన్ టెక్నాలజీస్ అయింది. 2022 డిసెంబర్‌లో షేరు 366 రూపాయలకు ఐపీవోకు వచ్చింది. 1,500 కోట్ల ఆ ఇష్యూలో కంపెనీకి ఒక్క రూపాయి రాలేదు, మొత్తం జనరల్ అట్లాంటిక్ అమ్ముకున్న వాటాయే. ఈరోజు మీరు ఐపీవో అలాట్‌మెంట్ చూసుకునే వెబ్‌సైట్లలో అదొకటి.

ఇది ప్రైవేట్ ఈక్విటీకి ఇస్తున్న సర్టిఫికెట్ కాదు. వాళ్లు లాభానికి కొన్నారు, లాభానికి అమ్మారు. కానీ ఆ చేతి మార్పిడే జరగకుంటే ఆ మంట ఈ ఇంటికి కూడా అంటుకునేదేమో. తెలిసినవాళ్ల చేతిలో ఉంటే భద్రం, బయటివాళ్ల చేతిలో పడితే ప్రమాదం అని మన ఊళ్లలో ఒక నమ్మకం. కార్వీలో ఖాతా ఉన్న ఏ పెద్దాయన్నడిగినా దానికి ఇప్పుడు జవాబు చెబుతాడు.

ఇక్కడి నుంచి ఓటు వేయాలంటే

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. భారత్‌లో డీమ్యాట్‌లో ఉన్న షేరుకు ఓటు మీదే, నామినీది కాదు. ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉంటుంది, సమావేశానికి ముందురోజు సాయంత్రం అయిదింటికి మూస్తారు. మాకు అది మధ్యాహ్నం రెండున్నర. ఎక్కువమంది తప్పిపోయేది మాత్రం సమయం దగ్గర కాదు. డీమ్యాట్‌కు ఇచ్చిన ఫోన్ నంబర్ ఎప్పుడో ఊళ్లో వాడిన సిమ్‌ది. రీచార్జ్ లేక ఆగిపోయింది. ఓటీపీ రాదు. మెయిల్ ఐడీ పాత కంపెనీది. మనామా వచ్చి పన్నెండేళ్లయినా విజయవాడ అడ్రస్సుకే నోటీసులు వెళ్తుంటాయి. అక్కడ తమ్ముడు వాటిని ‘బ్యాంకు కాగితాలు’ అని ఒక సంచిలో దాస్తుంటాడు.

షేర్ల మార్పిడి పథకమైతే మీరు ఏమీ చేయకపోయినా కొత్త షేర్లు డీమ్యాట్‌లో పడతాయి. 67 నిష్పత్తిలో 30 షేర్లకు 20.1 వస్తుంది. ఇరవై షేర్లు పడతాయి, ఆ పాయింటు ఒకటికి అందరివీ కలిపి అమ్మి డబ్బు ఇస్తారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అర్థంకాని చిన్న మొత్తం కనిపిస్తే అది అదే కావచ్చు. నగదు ఇచ్చే ఆఫర్లలో ఎన్నారైలకు లాభం మీద పన్ను మూలంలోనే కోత పడుతుంది, దాన్ని రిటర్న్ వేసేటప్పుడు చూసుకోవాలి. కొన్న తేదీ, కొన్న ధర కాగితం లేకపోతే అక్కడ ఇబ్బంది పడతారు.

మామూలు డీలిస్టింగ్ వేరు. అందులో షేరు ఇవ్వనివాళ్లకు, డీలిస్ట్ అయిన రోజు నుంచి కనీసం ఏడాది పాటు అదే ధరకు ఇచ్చే అవకాశం ఉంటుంది. ఆ గడువు దాటితే చేతిలో మిగిలేది మార్కెట్ లేని కాగితం. ఇక డివిడెండ్లు ఏడేళ్లు వరుసగా తీసుకోకుండా వదిలేస్తే, ఆ షేర్లు కూడా ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్తాయి. తిరిగి రాబట్టుకోవచ్చు గానీ కాగితాల పని చాలా ఉంటుంది.

మొన్న అమలాపురం నుంచి వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు. వాళ్ల నాన్నగారి పెట్టెలో పాత షేర్ సర్టిఫికెట్లు దొరికాయట, డీమ్యాట్ చేయించనివి. అందులో రెండు కంపెనీల పేర్లు ఇప్పుడు ఏ ఎక్స్ఛేంజీలోనూ కనపడటం లేదట. అవి డీలిస్ట్ అయ్యాయా, ఇంకో కంపెనీలో కలిశాయా, గడువు ఏనాడో దాటిందా? సర్టిఫికెట్ మీద రిజిస్ట్రార్ పేరు చూసి చెప్పమన్నాను. ఒకదాని మీద కార్వీ అని ఉందన్నాడు. అయితే ఇప్పుడు కేఫిన్‌ను అడగాలి. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు ఫొటోలు తీసి పంపుతానన్నాడు.